కానరాని కృష్ణబిలమునకు సాక్ష్యము



కంటికి కానరానిది కలదని చెప్పుట శాస్త్రమగునా? కొన్ని గెలాక్సీల నడుమ కోట్ల సూర్యుల బరువుగల కృష్ణబిలములున్నవనియు, వానినుండి వెలుగైనను వెలికిరాదనియు విన్నవారు ఈ ప్రశ్న వేయుదురు. వేయుట న్యాయమే. 2019లో ఎం 87 గెలాక్సీలోని బిలపు నీడను రేడియో దుర్భిణులు చిత్రించినవి గాని, అట్లు చిక్కునవి ఒకటి రెండే. తక్కినవానికి సాక్షి ఎవరు?

ఎక్స్-కిరణము. వైద్యశాలలో విరిగిన ఎముకను చూపునదే! ఆకాశమునుండి వచ్చు ఈ కిరణములను భూమిపైనున్న గాలి మ్రింగివేయును. జీవకోటి కది మేలే, శాస్త్రజ్ఞునకు మాత్రము చిక్కు. అందుచే పైకి పోవలసివచ్చినది. 1962లో అమెరికావారి రాకెట్టు వృశ్చికరాశినుండి వచ్చు కిరణములను పట్టెను. 1968లో టాటా పరిశోధన సంస్థవారు మన హైదరాబాదునుండి బెలూనుకు పరికరములు కట్టి పంపి ఆ తారనే పరిశీలించిరి. పిమ్మట 2015 సెప్టెంబరు 28న, కొల్లేటివలె పక్షులకు పేరువడిన పులికాటు చెంతనున్న శ్రీహరికోటనుండి ఆస్ట్రోశాట్ ఎగసినది.

ఇక సాక్ష్యము. నడిబొడ్డు మాత్రము అసాధారణముగా వెలుగు కొన్ని గెలాక్సీలను 1943లో సీఫర్ట్ అను శాస్త్రజ్ఞుడు ఏర్చి చూపెను. ఇట్టివానిని క్రియాశీల గెలాక్సీలందురు. వీనిలో కొన్నింటి ఎక్స్-కిరణములు గంట రెండుగంటలలోనే హెచ్చి తగ్గుచుండును. ఈ చిన్న సంగతియే పెద్ద సాక్ష్యము. ఏలూరు మొదలు చింతలపూడి వరకు గల దీపములన్నియు ఆర్పుడని కాలినడకన కబురు పంపినచో పావుగంటలో పని ముగియదు. ముగిసినదనగా, ఆ దీపములన్నియు ఒక్క వీధిలోనివే! ప్రపంచమున కాంతిని మించిన వేగముగల కబురు లేదు. దాని నడక సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు, గంటకు 108 కోట్లు. కనుక గంటలో మారు వెలుగు పుట్టుచోటు ఇంచుమించు అంతకు మించి యుండజాలదు. సూర్యునకు శనిగ్రహమునకు గల దూరముకంటె ఇది తక్కువ. అంత ఇరుకుచోటు, కోట్లకొలది నక్షత్రములతో వెలుగున పోటీపడుచున్నది!

నిండిన చెరువు తూము తెరచినపుడు నీరు సుడితిరుగుచు నడుమకు చేరుకొలది వడి హెచ్చుట రైతులెరిగినదే. అట్లే బిలముచుట్టు వాయువు పళ్ళెమువలె పరచుకొని తిరుగుచు, పొరకు పొర రాచుకొని కాగి వెలుగును. జమాఖర్చు చూచినను ఇదియే తేలును. సూర్యునిలో హైడ్రోజను హీలియముగా మారునపుడు వెయ్యి పాళ్ళలో 7 పాళ్ళు మాత్రమే శక్తియగును. బిలమున పడబోవు ద్రవ్యము వెలువరించునది, బిలపు భ్రమణమును బట్టి, వెయ్యికి 57 మొదలు 400 పైచిలుకు వరకు నుండవచ్చును. నక్షత్రములను కుప్పవోసినను ఇంత రాబడి లేదు.

ఇనుము పలుకు సాక్ష్యము ఇంకను గట్టిది. ఇనుప పరమాణువు 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణము నొకదాని నిచ్చును. 1995లో ప్రకటింపబడిన జపానువారి ఆస్కా ఉపగ్రహపు పరిశీలనలో, ఒక క్రియాశీల గెలాక్సీనుండి వచ్చిన ఆ గీత సన్నగా నుండక తక్కువ శక్తివైపు సాగియుండెను. ప్రచండమైన ఆకర్షణను త్రోసికొని వెలికివచ్చుటలో కిరణము శక్తిని కోల్పోయినదన్నమాట.

పళ్ళెము అతినీలలోహిత కాంతి నీయగా, బిలము దాపుననున్న వందకోట్ల డిగ్రీల మేఘము దానిని ఎక్స్-కిరణములుగా మార్చును. రెంటిని ఒకేసారి చూడగలుగుటయే ఆస్ట్రోశాట్ విశేషము. ఆ మేఘము బిలముపై దీపపు సెమ్మెవలె నిలిచినదో, పళ్ళెముపై పొగమంచువలె పరచుకొన్నదో యను వాదము తీరలేదు. కిరణముల కంపనదిశను కొలుచుట ఆ వాదమును తీర్చు మార్గములలో నొకటి. 2024 జనవరి 1న శ్రీహరికోటనుండియే వెడలిన ఎక్స్‌పోశాట్ అట్టి కొలతకై నిర్మింపబడినది.