లినక్స్ కంప్యూటరులో ప్రింటరు: అమరిక, నిర్వహణ



రాయగడ జిల్లా రామనగుడ వంటి చోట జెరాక్సు కొట్టులో ప్రింటరు ఆగితే, స్కాలర్‌షిప్పు దరఖాస్తు తెచ్చిన విద్యార్థి, పట్టా నకలు కావలసిన రైతు గుణుపురానికో రాయగడకో బస్సెక్కాలి. ఆ రోజు కూలి పోయినట్టే. అయితే ఆగిన ప్రతి ప్రింటరూ చెడిపోయినట్టు కాదు. లినక్స్ వాడేవారు ఈ తేడా తెలుసుకోవడం చాలా అవసరం.

లినక్స్‌లో ముద్రణ పని చూసే సాఫ్ట్‌వేరు పేరు కప్స్. మైకేల్ స్వీట్ అనే అమెరికన్ 1997లో దీన్ని రాయడం మొదలుపెట్టారు. 1999లో విడుదలైంది. ఇది ఉచితం. రేషను డిపో దగ్గర మనుషులను నిలబెట్టినట్టు, మనం పంపిన పత్రాలను ఇది వరుసలో పెట్టి, ఒక్కొక్కటిగా ప్రింటరుకు అందిస్తుంది.

ముందుగా అమరిక చూద్దాం. ప్రింటరును యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు కలపండి. బ్రౌజరు తెరిచి, అడ్రసు రాసే చోట లోకల్‌హోస్ట్ అని, పక్కనే కోలన్ పెట్టి 631 అని టైపు చేయండి. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆ పేజీ మీ కంప్యూటరులోదే. అందులో అడ్మినిస్ట్రేషన్, ఆ తర్వాత యాడ్ ప్రింటర్ నొక్కితే ప్రింటరు పేరు కనిపిస్తుంది. కొత్త ప్రింటర్లలో చాలావాటికి వేరే డ్రైవరు అవసరం లేదు. పాత హెచ్‌పీ ప్రింటరైతే హెచ్‌పీలిప్ అనే ప్యాకేజీ వేసుకోవాలి.

కాగితం సైజు ఏ4 అని ఉందో లేదో చూడండి. లెటర్ అని ఉంటే మార్చండి. ఏ4 పొడవు 297 మిల్లీమీటర్లు, లెటర్ పొడవు 279 మాత్రమే. ఈ తేడా వల్ల అంచులు తెగవచ్చు, లేదా వేరే కాగితం కోసం ప్రింటరు ఆగిపోవచ్చు. ఒడియా, తెలుగు పత్రాలను పీడీఎఫ్‌గా మార్చుకుంటే ఫాంటు కూడా ఫైలులోనే ఉంటుంది కనుక అక్షరాలు చెదరవు.

ఇక అసలు చిక్కు. కరెంటు పోయినా, తీగ వదులైనా కప్స్ ఆ వరుసను తానే ఆపివేయవచ్చు. కరెంటు వచ్చాక ప్రింటరు దీపం వెలుగుతుంది గాని కాగితం రాదు. కంగారుపడి ప్రింటు మీట పదిసార్లు నొక్కకండి. నొక్కిన ప్రతిసారీ వరుసలో ఒక పత్రం చేరుతుంది.

మళ్లీ 631 పేజీకే వెళ్లి, ప్రింటర్స్ నొక్కి, మీ ప్రింటరు పేరు ఎంచుకోండి. పాజ్డ్ అని ఉంటే వరుస ఆగిందన్నమాట. ముందుగా అక్కర్లేని పత్రాలను క్యాన్సిల్ చేయండి. లేకపోతే పొద్దున వచ్చినవారి ఆధార్ కాగితం మధ్యాహ్నం ఇంకొకరి చేతిలో పడుతుంది. ఆ తర్వాత మెయింటెనెన్స్ జాబితాలో రెజ్యూమ్ ప్రింటర్ ఎంచుకోండి. అదే జాబితాలోని టెస్ట్ పేజీ సరిగా వస్తే ప్రింటరు బాగున్నట్టే.

కనుక ముందు వరుస చూడండి, ఆపైన తీగ చూడండి, అప్పటికీ పలకకపోతేనే మెకానిక్కును పిలవండి.