ఒక్క గీత మీద ఇమడని అభిప్రాయాలు



మన సభల్లో ఎవరైనా నాలుగు మాటలు మాట్లాడగానే ‘ఈయన వామపక్షం’, ‘ఆయన ఛాందసం’ అని ముద్ర వేస్తుంటాం. ఆ ముద్ర పడ్డాక మిగిలిన మాటలు ఎవరి చెవికీ ఎక్కవు. దీనివల్ల మనకు జరుగుతున్న నష్టం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

కుడి ఎడమల విభజన 1789లో ఫ్రాన్సు జాతీయ సభలో పుట్టింది. చట్టాలను తోసిపుచ్చే అధికారం రాజుకు ఉండాలన్నవారు అధ్యక్షునికి కుడివైపున, కూడదన్నవారు ఎడమవైపున చేరారు. ఆనాటి వివాదానికి ఆ విభజన సరిపోయింది. మనిషి అభిప్రాయాలన్నింటినీ కొలవడానికి అది చాలదని తరువాతి పండితులు గుర్తించారు. 1954లో మనస్తత్వ శాస్త్రవేత్త హాన్స్ ఐసెంక్ ఆ గీతకు అడ్డంగా మరో గీత గీసి, స్వభావంలోని కాఠిన్యాన్నీ మార్దవాన్నీ చేర్చాడు. 1969లో అమెరికాకు చెందిన డేవిడ్ నోలన్ ఆర్థిక స్వేచ్ఛను, వ్యక్తిగత స్వేచ్ఛను విడివిడిగా కొలిచే పటం రూపొందించాడు. అయితే పటంలో గీసినవాని మొగ్గు కూడా ఉంటుంది. నోలన్ అనంతరం లిబర్టేరియన్ పార్టీ స్థాపకులలో ఒకడయ్యాడు. కనుక మన పటాన్ని మనమే గీసుకోవాలి.

మౌలానా హస్రత్ మోహానీని ఏ వైపున కూర్చోబెడతాం? 1921 అహ్మదాబాద్ కాంగ్రెస్ మహాసభలో సంపూర్ణ స్వాతంత్ర్యం కోరినవాడు. 1925 కాన్పూరు కమ్యూనిస్టు మహాసభకు ఆహ్వాన సంఘాధ్యక్షుడు. ముస్లిం లీగ్ నాయకుడు, రాజ్యాంగ సభ సభ్యుడు. పలుమార్లు హజ్ చేసిన భక్తుడు. ఒక్క గీత మీద చూస్తే ఆయన జీవితమంతా వైరుధ్యమే. ఆస్తి, అధికారం, విశ్వాసం అనే మూడు ప్రశ్నలు వేరుగా అడిగితే ఆయన సమాధానాలు స్పష్టం.

మన ఇళ్లలోనూ ఇంతే. వెనుకబడిన ముస్లిం వర్గాలకు 2007లో చట్టం ద్వారా లభించిన నాలుగు శాతం రిజర్వేషన్‌ను కాపాడమని ప్రభుత్వాన్ని కోరే తండ్రే, వక్ఫ్ బోర్డుల్లో ముస్లిమేతర సభ్యులకు చోటిచ్చిన 2025 సవరణను వ్యతిరేకిస్తూ ప్రభుత్వం దూరంగా ఉండాలంటాడు. ఇందులో అస్థిరత లేదు. అవకాశాల పంపిణీ ఒక ప్రశ్న, ధార్మిక సంస్థల నిర్వహణ మరొక ప్రశ్న. ఆయన కుమార్తె ఆ రెండింటినీ అంగీకరిస్తూనే, మన కమిటీలలో స్త్రీలకు, దూదేకుల వంటి వర్గాలకు చోటేదని అడగవచ్చు. అది మూడవ ప్రశ్న. దానిని అడిగినంత మాత్రాన ఆమె పరాయిది కాదు.

మనల్నందరినీ ఒకే చుక్కగా చూసే పార్టీకి ఒక్క వాగ్దానంతో పని తీరిపోతుంది. ఇఫ్తార్‌కు వచ్చి టోపీ పెట్టుకుంటే చాలుననుకుంటుంది. అందుచేత నా విన్నపం ఇది. ఎన్నికల ముందు ప్రతి మొహల్లాలో కూర్చుని ఈ మూడు ప్రశ్నలకు ఎవరి జవాబు వారు చెప్పండి. స్త్రీలు, యువకులు కూడా చెప్పాలి. ఏకీభావం ఎక్కడుందో, భేదం ఎక్కడుందో కాగితం మీద రాయండి. ఓటడగవచ్చిన అభ్యర్థి ముందు అవే ప్రశ్నలు ఒక్కొక్కటిగా ఉంచండి. ఒకదానికి చెప్పిన జవాబును మిగిలిన రెండింటికీ చెల్లనివ్వకండి.