శిక్ష పడిన నాటినుండి ముప్పది దినములు
(తుడియలూరు తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన యిండ్లలో కొడవలి, గడ్డపార, నాగటి కర్రు పనిముట్లు. గట్టు తగాదాలోనో, బావినీటి వంతులోనో కోపము మీరినప్పుడు అవియే కోర్టులో ఆయుధములగును. కొట్టినవానిని వెనుక వేసికొని వచ్చుటకు మేమీ మాటలు చెప్పుట లేదు. దెబ్బ తిన్నవాడును మనవాడే. కాని శిక్ష పడినవాని యింటివారు గడువంతయు పెద్దల యిండ్ల చుట్టు తిరుగుటలో పోగొట్టుకొనుట చూచి చెప్పక తప్పలేదు.

పాత శిక్షాస్మృతిలోని 324, 326 సెక్షనులు, 2024 జూలై 1 మొదలు జరిగిన నేరములకు భారతీయ న్యాయ సంహితలో 118వ సెక్షనైనవి. ఆయుధముతో సామాన్య గాయము చేసినచో మూడేండ్ల వరకు ఖైదు గాని, 20,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని. తీవ్ర గాయమైనచో ఖైదు ఏడాదికి తగ్గదు. పదేండ్లు, యావజ్జీవము కూడ పడవచ్చును.

మేజిస్ట్రేటు వేసిన శిక్షపై 30 దినములలో సెషన్సు కోర్టునకు, సెషన్సు కోర్టే విచారించి వేసినచో 60 దినములలో మద్రాసు హైకోర్టునకు అప్పీలు చేసికొనవలెను. ఖైదు పడినవానికి తీర్పు నకలు వెంటనే ఉచితముగ ఇయ్యవలెను. ముద్దాయి కోరినచో, వీలున్నంతలో, అతని భాషలో అనువాదము కూడ ఇయ్యవలెనని చట్టమున్నది. అంగడి తమిళము మనకు పుట్టుకతో వచ్చినదే; కోర్టు తమిళము వేరు. అయినను ఈ అనువాదమును అడిగినవారు మనలో ఎందరు?

అప్పీలు వేసినంతనే శిక్ష ఆగదు. నిలుపుదలకు వేరుగ అర్జీ పెట్టవలెను. శిక్ష మూడేండ్లకు మించక, ముద్దాయి జామీనుపై నున్నచో, అప్పీలు వేయువరకు శిక్ష వేసిన కోర్టే జామీను ఈయగలదు. ఆ దినమే అడుగుడు.

“ఒప్పుకొనుము, జరిమానాతో పోవును” అని అరుగులమీద కూర్చుండి సలహా చెప్పువారు కొందరున్నారు. ఒప్పుకొన్నవానికి శిక్ష ఎక్కువయో, చట్టవిరుద్ధమో అను వాదము తప్ప మరి అప్పీలు మిగులదు. పెద్దలు వ్రాయించిన రాజీ కాగితముతోను 118వ సెక్షను కేసు కొట్టుపడదు. శిక్ష తగ్గించుటకు మాత్రము అది పనికిరావచ్చును.

అప్పీలువలన ఒరుగునదేమని అడుగువారికి మన కోయంబత్తూరు సెషన్సు కోర్టునుండి పోయిన కేసే యున్నది. నాగటి కర్రుతో భార్య తలపై కొట్టి, ఆమె చనిపోయినదనుకొని, ఉరి వేసికొన్నట్లు కనబడుటకై వ్రేలాడదీసిన వానికి ఇచ్చట హత్యానేరము స్థిరపడెను. ఆమె ప్రాణము పోయినది ఆ ఉరివలననే. 1919లో మద్రాసు హైకోర్టు పూర్ణ ధర్మాసనము, చంపు తలంపు లేనందున అది హత్య కాదనియు, కొట్టినందుకును, దొంగ సాక్ష్యము కల్పింపజూచినందుకును శిక్షింపవచ్చుననియు తీర్మానించినది. ఆ యిల్లాలిని తలచినచో మాకిప్పటికిని మనసొప్పదు. అయినను ఏ నేరమునకు ఆ శిక్షయే పడవలెను గదా! 2005లో కేరళ కేసొకదానిలో రాతిదెబ్బను చూచి, సుప్రీంకోర్టు 326వ సెక్షనును 325గా మార్చినది.

ముద్దాయి వేసిన అప్పీలులో శిక్షను పెంచరాదు. కావున భయపడి ఊరకుండ నక్కరలేదు.

చేత డబ్బు లేనివారు నగలు కుదువపెట్టుటకు ముందు ఒక మాట వినుడు. 1987 నాటి న్యాయ సేవల చట్టము ప్రకారము, నిర్బంధములో నున్నవాడు ఉచితముగ వకీలును పొందుటకు అర్హుడు. జైలునుండియే అధికారి ద్వారా అప్పీలు పంపుకొనవచ్చును. గడువు దాటినచో తగిన కారణము చూపి మన్నింపు కోరవచ్చును. తీర్పు నకలుతో మా యొద్దకు వచ్చినచో జిల్లా న్యాయ సేవల కార్యాలయమునకు మేమే తోడు వత్తుము.