పత్రంలో లేని పుట్టినతేదీ
(చింతాద్రిపేట విశ్రాంత ఉద్యోగుల మాసిక సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి నెలా ఈ వేదిక మీద నేను చదివే పట్టిక మీకు తెలిసినదే. కరువు భత్యం ఎంత పెరిగినది, ఏ పత్రం ఏ తేదీలోగా ఇవ్వవలెను, వైద్య బీమాలో మార్పు లేమిటి. చదువుతాను, మీరు వింటారు, కాఫీ త్రాగి ఇండ్లకు వెళ్తాము. ఈనాడు పట్టికను కొంతసేపు పక్కన పెట్టి ఒక ఇంటి సంగతి చెప్పదలచుకున్నాను.

ఇటీవల మన పేటలోనే ఒక పెద్దావిడను పలకరించడానికి వెళ్లాను. ఆమె భర్త కేంద్ర ప్రభుత్వోద్యోగం చేసి విరమించినవారు, మన సమావేశాలకు తప్పక వచ్చినవారు. ఆయన కాలం చేసి కొన్నేళ్లయినది. ఆమెకు కుటుంబ పింఛను వస్తున్నది. మాటల మధ్య వయస్సు అడిగితే ఎనభై మూడని చెప్పారు. పాసు పుస్తకం తెప్పించి చూశాను. ఎనభై నిండినవారికి చేరవలసిన అదనపు పింఛను అందులో లేదు. పింఛను చెల్లింపు ఉత్తర్వు, అనగా మనం పి.పి.ఓ. అని పిలుచుకునే పత్రం, పెట్టె అడుగున దొరికినది. అందులో ఆమె పేరు ఉన్నది, పుట్టిన తేదీ ఉండవలసిన చోటు ఖాళీగా ఉన్నది. లెక్కలు కట్టే కంప్యూటరు దృష్టిలో ఆమెకు వయస్సే లేదు!

తప్పెవరిదని వెదకబోయి నా దగ్గరే ఆగిపోయాను. ఆ నియమాన్ని ఈ వేదిక మీద చదివినది నేనే. ఆమె భర్త విన్నారు. ఆమె వినలేదు.

కనుక నియమాన్ని మరల చెబుతున్నాను. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు ఎనభై యేండ్లు నిండిన నెల మొదటి తేదీ నుండి మూల పింఛనుపై 20 శాతం అదనంగా రావలెను. 85కు 30, 90కి 40, 95కు 50 శాతం. నూరేండ్లు నిండితే నూరు శాతం. కుటుంబ పింఛను పొందే భార్యకు గాని భర్తకు గాని ఇదే లెక్క. ఉత్తర్వులో పుట్టిన తేదీ లేకపోతే పాన్ కార్డు, పాస్‌పోర్టు, మెట్రిక్ ధ్రువపత్రం వంటి ఆధారంతో దరఖాస్తు చేసి వ్రాయించుకోవచ్చును. ఆ పెద్దావిడ చేత దరఖాస్తు పెట్టించాము. జవాబు ఇంకా రావలసి ఉన్నది.

ఇది ఎవరో దయతలచి ఇచ్చే సొమ్ము కాదు. పదవీ విరమణ చేసిన డి.ఎస్. నకారా వేసిన దావాలో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1982 డిసెంబరు 17న తీర్పు చెబుతూ, పింఛను యజమాని దయాభిక్ష కాదని, చేసిన సేవకు లభించిన హక్కని స్పష్టం చేసినది. 1979 మార్చి 31కి ముందు విరమించినవారికి ఒక లెక్క, తరువాతి వారికి ఒక లెక్క అన్న భేదాన్ని కొట్టివేసినది. ఏటా డిసెంబరు 17న మనం పింఛనుదారుల దినం జరుపుకోవడం అందుకే. ఆ దావాలో 'కామన్ కాజ్' అనే సంఘం కూడా వాదిగా నిలిచినది. కోర్టు మెట్లెక్కలేని వృద్ధుల పక్షాన ఒక సంఘం నిలబడినదన్న మాట నాకు తీర్పంత ముఖ్యంగా తోస్తుంది.

మన తెలుగువారికి మరొక చిక్కున్నది. 1734 ప్రాంతాల్లో సుంకురామ శెట్టి తోట ఉన్న చోట గవర్నరు పిట్ నేతగాండ్రను కుదిర్చి ఈ పేటను వెలయించిన నాటి నుండి ఇక్కడ తెలుగు వినబడుతూనే ఉన్నది. కాని కాగితాల మీద మన పేర్లు నిలకడగా లేవు. ఉద్యోగంలో చేరినప్పుడు ఇంటిపేరుతో వ్రాయించుకున్నాము. ఇక్కడి ఆచారం ప్రకారం ఆధార్‌లో తండ్రి పేరు తొలి అక్షరం వచ్చి చేరినది. ఆడవారికైతే పెండ్లికి ముందు తండ్రిది, తరువాత భర్తది. ఉత్తర్వులో లక్ష్మీకాంతమ్మ, ఆధార్‌లో కాంతమ్మ, బ్యాంకులో ఎస్. లక్ష్మి. ముగ్గురూ ఒక్కరేనని భర్త ఉండగా చెప్పడం సులువు. ఆ తరువాత అదే మాటకు నోటరీ, ప్రమాణ పత్రం, పది తిరుగుళ్లు.

ఇక లిపి సంగతి. ఇంట్లో తెలుగు మాట్లాడే మన స్త్రీలలో చాలామంది బడిలో చదివినది తమిళం. ఉత్తర్వులు వచ్చేది ఇంగ్లీషులో. అందుచేత మనం కాగితం అచ్చువేసి పంచినంత మాత్రాన పని జరగదు. ఇంటికి వెళ్లి చదివి వినిపించవలెను.

నవంబరు దగ్గరపడుతున్నది. కేంద్ర పింఛనుదారులు జీవన ప్రమాణ పత్రం ఇవ్వవలసిన నెల అది. ఎనభై దాటినవారు అక్టోబరు 1 నుండే ఇవ్వవచ్చును. వేలిముద్రలు అరిగి యంత్రానికి అందనివారు ఖిన్నులు కానక్కరలేదు. ఫోను కెమెరాలో ముఖం చూపి ఇచ్చే ఏర్పాటు 2021 నుండి ఉన్నది. కదలలేనివారి ఇంటికి పోస్ట్‌మాన్ వచ్చి కొద్ది రుసుముతో చేసిపెడతాడు. భవిష్యనిధి పింఛను పొందేవారు ఏ నెలలో ఇచ్చినా ఏడాది చెల్లుతుంది. వారి కనిష్ఠ పింఛను 2014 నుండి నెలకు 1,000 రూపాయల దగ్గరే ఉన్నది. ఆ మొత్తాన్ని గురించి ఈ సభలో నేను వ్యాఖ్యానించనక్కరలేదు. మందుల చీటీ చేతిలో ఉన్నవారికి తెలుసు.

పత్రం పేరు చెప్పి ఎవరైనా ఫోనులో ఓ.టి.పి. అడిగితే చెప్పవద్దు. మోసపోతే సిగ్గుపడక వెంటనే 1930కి ఫోను చేయండి. ఇంట్లో నిరాదరణ, వేధింపు ఉన్నవారికి 14567 అనే వృద్ధుల సహాయ సంఖ్య ఉన్నది.

అరవై దాటిన చెన్నై వాసులకు నగర బస్సుల్లో నెలకు పది ఉచిత టోకెన్లు 2016 నుండి ఇస్తున్నారు. తీసుకోనివారు మనలో ఇంకా ఉన్నారు. రైలు రాయితీ 2020 మార్చిలో ఆగినది, దాన్ని గురించి మనవులు పంపుతూనే ఉన్నాము. మే డే పార్కులో ఉదయపు నడక యథాప్రకారం సాగుతుంది. నడవలేనివారు బెంచీ మీద కూర్చుని రాజకీయాలు మాట్లాడడానికి రావచ్చును. అసలు ఎక్కువమంది వచ్చేది అందుకే.

వచ్చే సమావేశానికి ఒక మార్పు. ఉపన్యాసం ఉండదు. పి.పి.ఓ., ఆధార్, పాన్ కార్డు, పాసు పుస్తకం ఒక సంచిలో పెట్టుకొని భార్యాభర్త లిద్దరూ రండి. పింఛను ఖాతా ఒక్కరి పేరనే ఉన్నవారు దంపతుల ఉమ్మడి ఖాతాగా మార్చుకొనే పని కూడా ఆనాడే మొదలుపెడదాము. మన సభ్యుల్లో ఆఫీసు పని తెలిసిన నలుగురు బల్లల దగ్గర కూర్చుని పేర్లు, తేదీలు సరిచూస్తారు. భర్తను పోగొట్టుకొని మన సమావేశాలకు ఎన్నడూ రాని ఆడవారి ఇండ్ల జాబితా నా దగ్గర ఉన్నది. కాఫీ అయిన తరువాత వీధికొకరు చొప్పున నా దగ్గరకు వచ్చి పేర్లు వ్రాసుకొని వెళ్లవలసినదిగా కోరుతున్నాను.