సైకిలుంటే చాలదు, దారీ కావాలి

(ద్రాక్షారామంలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



మనం అక్షరాలు నేర్చుకున్నాం. ఇవాళ సైకిలు గురించి మాట్లాడుకుందాం. చదువుకీ సైకిలుకీ ఏం సంబంధం అంటారా? ఉంది. వినండి.

తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. ఆడవాళ్ళకు చదువుతోపాటు సైకిలు తొక్కడం కూడా నేర్పారు. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ గారు బ్యాంకుల చేత సైకిలు అప్పులు ఇప్పించారు. పొలం కూలీలు, క్వారీలో రాళ్ళు కొట్టేవాళ్ళు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేలాదిమంది నేర్చుకున్నారు. కొందరు ఎగతాళి చేశారు. వీళ్ళు ఆగలేదు. లేడీసు సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళే కొన్నారు. ముందు కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకున్నారు.

మన రాష్ట్రంలో కూడా 2017లో ‘బడికొస్తా’ పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్ళిచ్చింది. మంచిదే. మరి తొక్కడానికి దారి ఉండొద్దూ?

మన డెల్టా సంగతి చూడండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఊరూరా కాలవలు పారాయి. కాలవ గట్లే మనకు దార్లయ్యాయి. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క చేను. లారీ వస్తే తప్పుకోడానికి జాగా ఉండదు. వానొస్తే గట్టు జారుతుంది. పొద్దుగూకితే చీకటి. రామచంద్రపురం వెళ్ళి చదువుకునే పిల్లను, దారి బాగోలేదని ఇంట్లో ఆపేస్తాం. తప్పు పిల్లది కాదమ్మా, దారిది.

మనకేం కావాలి? రోడ్డు వారన చదునైన జాగా కావాలి. కాలవ వంతెనలకు పిట్టగోడలు కావాలి. దీపాలు వెలగాలి. బడి దగ్గర, బస్సు ఆగేచోట సైకిలు పెట్టుకోడానికి నీడ కావాలి.

ఎవర్ని అడగాలి? వీధి దీపాలు పంచాయతీ పని. కాలవ గట్టయితే నీటిపారుదల శాఖ. పెద్ద రోడ్డయితే రోడ్లు భవనాల శాఖ. ముందు గ్రామసభలో లేచి అడగండి. తర్వాత అర్జీ ఇవ్వండి. ఇప్పుడు మనకు రాయడం వచ్చుగా! వేలిముద్రలొద్దు, సంతకాలు పెట్టండి. అర్జీ నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. దాన్ని జాగ్రత్తగా దాచండి.

రేపు సాయంత్రం అయిదుగురు కలిసి మీ ఊరి దారి నడవండి. ఎక్కడ గొయ్యి ఉంది, ఎక్కడ దీపం లేదు, ఎక్కడ గట్టు విరిగింది, నోటుబుక్కులో రాయండి. ఆ కాగితమే మన మొదటి అర్జీ.

సెలవు.