పాత జీపు యింజను - దానికి తగిన కార్బురేటరు



ఈనాటి నా ప్రసంగ విషయము పాత జీపు యింజనును విప్పి బాగుచేయించుట, దానికి తగిన కార్బురేటరు నెన్నుకొనుట. బడిపంతులునకు యంత్రములతో పని యేమని మీ రడుగవచ్చును. ఈ పనిలో సగము రెంచిది, సగము లెక్కది. లెక్క భాగమును చెప్పుటకు నాకు కొంత అధికారము కలదని తలచుచున్నాను.

ఆదోని నుండి ఎమ్మిగనూరునకు పోవు తారురోడ్డుపై ఏ బండియైనను నడచును. రోడ్డు దిగి పత్తిచేలలోనికి పోయినప్పుడే బండి బలము తెలియును. మన నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు వాఱును. వాన పడినచో జిగురై చక్రములకు చుట్టుకొనును. అట్టి రాత్రి ప్రసవవేదన పడు స్త్రీని తారురోడ్డు వఱకు చేర్పవలెనన్న, నాలుగు చక్రములకును బలము నిచ్చు జీపు వంటి బండియే దిక్కు. కావున దాని యింజను చెడుట ఒక్క యింటి కష్టము గాదు, ఊరి కష్టము.

ఈ బండి మొదట యుద్ధము కొఱకు పుట్టినది. 1941 మొదలు 1945 వఱకు అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు వీనిని లక్షల కొలది చేసినవి. పిదప మన దేశమున మహీంద్రా కంపెనీవారు కూర్ప నారంభించిరి. తరువాత డీజిలు యింజనులును వచ్చినవి గాని వానికి కార్బురేటరు లేదు. నేను చెప్పునది పెట్రోలు యింజనును గూర్చియే. నాటి విల్లీస్ యింజనునకు నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదాని వ్యాసము 3 1/8 అంగుళములు, పిస్టను నడక 4 3/8 అంగుళములు. నాలుగింటి ఘనపరిమాణము సుమారు 2.2 లీటర్లు. నిమిషమునకు 2000 చుట్ల దగ్గరనే దీని లాగుడుబలము పరాకాష్ఠ నందును. బురదలో కావలసినదియు అదియే గదా!

ఇట్టి యింజను నీరసించినప్పుడు విప్పకయే మొదట పరీక్షింపవలెను. పొగ నీలముగా నున్న యింజను ఆయిలు మండుచున్నది. నల్లగా నున్న పెట్రోలు మితిమీరినది. బాగుగా వేడెక్కిన తరువాతను తెల్లపొగ తగ్గనిచో నీరు లోనికి చేరుచున్నది. పిదప ప్లగ్గులు తీయించి, కంప్రెషను గేజితో నాలుగు సిలిండర్ల ఒత్తిడిని కొలిపింపుడు. ఒకదానిలో తక్కువగా నున్న, అందు చెంచాడు ఆయిలు పోసి మరల కొలువవలెను. ఒత్తిడి పెరిగినచో దోషము రింగులదో సిలిండరు గోడదో. పెరుగనిచో వాల్వులది కావచ్చును. ప్రక్కప్రక్కనున్న రెండింటిలోను తగ్గినచో హెడ్డు గాస్కెట్టు ననుమానింపవలెను. దీనికి ఒక పూట చాలును. ఇది చేయక విప్పుట నాడి చూడక మందిచ్చుటయే.

విప్పునప్పుడు బేరింగు టోపీలకు ముందే గుర్తులు పెట్టించి, దేని చోట దానినే మరల బిగింపింపవలెను. సిలిండరును పైన, నడుమ, క్రింద, రెండు దిక్కులుగా కొలువవలెను. గుండ్రము చెడి కోడిగ్రుడ్డు వాటమైనను, పైభాగము అరిగి వెడల్పైనను, క్రొత్త రింగులు మాత్రము వేసిన ప్రయోజనము లేదు, బోరు చేయింపవలసినదే. అయితే ఓవర్‌సైజు పిస్టన్లను ముందు తెచ్చుకొని, వాని కొలతకే బోరు చేయింపుడు. బోరు చేయించి పిమ్మట పిస్టన్లకై తిరుగువాడు, కాలు చెక్కించుకొని చెప్పులు వెదకువాని వంటివాడు. క్రాంకుషాఫ్టును గ్రైండు చేయించినచో దాని క్రొత్త కొలతకు సరిపోవు బేరింగులనే వేయింపవలెను. ఆయిలు దారులలోని మడ్డిని, నీటి యరలలోని తుప్పును కడిగింపవలెను. హెడ్డు బోల్టులను నడుమ నుండి అంచులకు, విడతలు విడతలుగా, టార్కు రెంచితో బిగింపింపవలెను. కొలతలన్నియు కాగితముపై వ్రాయించి పుచ్చుకొనుడు. కొలత వ్రాయుటకు వెనుదీయు మెస్త్రీకి యింజను నప్పగింపకుడు.

ఇక కార్బురేటరు. గాలి ఇఱుకైన గొంతు గుండ పోవునప్పుడు వేగము హెచ్చి ఒత్తిడి తగ్గును. ద్రవముల ప్రవాహమున ఈ ధర్మమును ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచూరి 1797లో ప్రకటించెను. ఆ ఒత్తిడి తగ్గుటచేతనే పెట్రోలు జెట్టు నుండి పైకి వచ్చి తుంపరయై గాలిలో కలియును. బరువున ఒక పాలు పెట్రోలునకు ఇంచుమించు 15 పాళ్ల గాలి కావలెను.

ఇప్పటి యువకులు కొందఱు అమెరికా బండ్ల చిత్రములు చూచి, 'బిగ్ బ్లాక్' అను పెద్ద యింజనునకు తగిన కార్బురేటరునే మన జీపునకు బిగింపగోరుచున్నారు. షెవ్రొలే వారి అట్టి యెనిమిది సిలిండర్ల యింజనొకటి సుమారు 7.4 లీటర్లది. లెక్క చూడుడు. నాలుగు స్ట్రోకుల యింజను రెండు చుట్లకొకసారి తన ఘనపరిమాణమంత గాలి పీల్చును. నిమిషమునకు 4000 చుట్లన్న 2000 సారులు. మన జీపునకు 4400 లీటర్లు. నూటికి 80 పాళ్లే నిండునన్న 3520 లీటర్లు. ఆ పెద్ద యింజనునకు అదే లెక్కను 11,840 లీటర్లు. మూడు రెట్లకు మించిన గాలి కొఱకు చేసిన గొంతులో మన గాలి మందగించును; పెట్రోలు తుంపర గాక చుక్కలై జారును. బురద నడుమ యాక్సిలరేటరు త్రొక్కగనే యింజను దగ్గి యాగును. పులిని చూచి నక్క వాత పెట్టుకొనుట ఇదియే.

1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును నెలకొల్పిన ఎమ్మిగనూరున ఈ మాట విప్పి చెప్పనక్కఱలేదు. నూలు నంబరును బట్టి అచ్చుపన్నె గాని, పన్నె గొప్పదని నూలు దిద్దుకొనదు. విల్లీస్ జీపునకు కార్టరు కంపెనీవారి ఒంటిగొంతు కార్బురేటరు మొదట అమర్చిరి. ఆ కొలత దానిని గాని, ఆ యింజనునకు సరిపడు సోలెక్సును గాని వేయించుట మేలు.

ఎన్నుకొనుటలో మఱి మూడు సంగతులు. కార్బురేటరులోని ఫ్లోటు మట్టము సరిగా లేనిచో, బండి గట్టెక్కునప్పుడు పెట్రోలు పొంగుటయో అందకపోవుటయో జరుగును. గాలివడపోత మంచిది కానిచో, రేగడి దుమ్ము క్రొత్త రింగులను తినివేయును. బోరునకు పోసిన ధనమంతయు దుమ్ము పాలగును. మూడవది, పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపుట 2025 నాటికి మన దేశమున అమలునకు వచ్చినది. అది పాత రబ్బరు గొట్టములను చెఱచును, తేమను పీల్చును. కావున దానికి తాళు గొట్టములను వేయించి, బండి నెలల తరబడి నిలిచియుండునప్పుడు కార్బురేటరును ఖాళీ చేయింపుడు.

యింజనునే మార్చదలచినవారు రవాణాశాఖ యనుమతి లేక మార్చరాదు.

అయ్యలారా, బండి కోరిక పిల్లలది, డబ్బుసంచి మీది. ఊరక కాదనిన వారు వినరు. సంచి విప్పక ముందు సిలిండరు కొలత యెంత, గాలి లెక్క యెంత అని అడుగుడు. జవాబు కాగితముపై తెచ్చిన పిల్లవానికి ధనమిచ్చుటకు సంశయింపకుడు. అట్టివాడు బాగుచేసిన బండి వానకాలపు రాత్రి మిమ్ము నడిచేల దింపిపోదు.