నిశ్శబ్దక్రియ: బృందగాన నిర్వహణవిద్య పరిణామము



ఎవరి స్మృత్యర్థమై మనమిచట సమావేశమైతిమో, ఆ గురువర్యుల సన్నిధిని నేను మొట్టమొదట నేర్చినది పాట కాదు, చేయి త్రిప్పుటయు కాదు, ఊరకుండుట. కోస్తాజిల్లాలలోని యొక చిన్న పట్టణమున, చర్చి వెనుకనున్న పెంకుటింటిలో, క్రిస్మసు పండుగకు రెండు నెలల ముందునుండియే సాయంకాలములందు క్వయర్ సాధన జరుగుచుండెడిది. నాకు కంఠమున్నదన్న ధీమాతో, పదునెనిమిదేండ్ల వయస్సున, బృందమును నడపుట నేర్పుడని వారి నర్థించితిని. వారు నన్నొక వారము సోప్రానోల చెంత, మరియొక వారము ఆల్టోల చెంత, ఆపైని టెనర్ల నడుమ, తుదకు బాసుల వెనుక కూర్చుండబెట్టి, "నువ్వు పాడకు నాయనా. ఇక్కడ కూర్చుంటే ఏం వినబడుతోందో ఇంటికి వెళ్ళి రాసి తీసుకురా" అనిరి. ఆ నెలదినముల మౌనమున కర్థము ఈ విద్య చరిత్రను చదివిన పిదపగాని నాకు స్ఫురింపలేదు. ఆ చరిత్రనే నేడు మీ సముఖమున విన్నవింప బూనితిని.

మన లక్షణకర్తలు తాళక్రియలను రెండు తెగలుగా విభజించిరి. ధ్రువము, శమ్య, తాళము, సన్నిపాతము అనునవి చప్పుడుతో కూడిన సశబ్దక్రియలు. ఆవాపము, నిష్క్రామము, విక్షేపము, ప్రవేశము అనునవి చప్పుడు లేని నిశ్శబ్దక్రియలు. ఆదితాళము వేయు పసిబాలుడు సైతము ఘాతమున తొడపై చరచి, విసర్జితమున అరచేతిని వెల్లకిలద్రిప్పి గాలిలో విడచునప్పుడు, ఈ రెంటి భేదమును చేతితోనే తెలిసికొనుచున్నాడు. ఐరోపాఖండమున గాయకబృందములను నడపిన చేతి చరిత్ర యంతయు నడుమ సశబ్దక్రియకు లోనైనను, తుదకు నిశ్శబ్దక్రియకే సాగిన దీర్ఘప్రయాణమని నా తలంపు. ఐతే ఒక భేదమును మొదటనే గుర్తింపవలెను. మన సభలలో తాళము అందరి సొత్తు: పాడువాడును వేయును, వెనుక తంబురా మీటు శిష్యుడును వేయును, ముందువరుసలోని రసికుడును వేయును. అచ్చట కాలము నొక్కని చేతిలో నుంచి, తక్కినవారెల్ల ఆ చేతినే చూచుట యాచారమైనది. ఒక్కని చేతిలో నుంచిన దానిని కాపాడుట కొక విద్య కావలసివచ్చినది.

11వ శతాబ్ది పూర్వార్ధమున ఇటలీదేశమందలి అరెజ్జో పట్టణమున గ్విదో అను సన్యాసి దేవాలయగాయకులకు పాట నేర్పుచుండెను. అంతకు పూర్వము సాహిత్యముపై గీచిన గుర్తులు స్వరము ఎక్కుచున్నదో దిగుచున్నదో తెలుపునేగాని, ఎన్ని మెట్లెక్కుచున్నదో తెలుపవు. కావున గాయకుడు గురువు కంఠమును ఊతగా గొని, ఏండ్ల తరబడి వల్లెవేయవలసి వచ్చెడిది. పదేండ్లు శ్రమించియు గాయకులకు అరకొర విద్యయే యబ్బుచున్నదని గ్విదో వాపోయి, గీతలమీద స్వరములను నిలిపి, యోహాను భక్తుని స్తుతిగీతమందలి పాదముల మొదటి యక్షరములనుండి ఉత్, రే, మీ, ఫా, సోల్, లా అను పేర్లను గ్రహించి, ఒకటి రెండేండ్లలోనే శిష్యులు తామెన్నడును వినని పాటను చూచి పాడునట్లు చేసెను. ఈ వింతను చూడగోరి 19వ జాన్ పోపు ఆయనను రోమునకు రప్పించుకొనెను. వ్రేళ్ళ కణుపులపై స్వరస్థానములను నిర్దేశించు 'గ్విదో హస్తము' కూడ ఆయన పేరనే వెలసినది. ఐనను ఆయన గ్రంథములలో నది కానరాదు. నా కిందులో ముఖ్యముగా తోచున దొక్కటి. బృందనాయకుని ప్రథమకర్తవ్యము గాయకుడు నాయకుని కంఠముపై నాధారపడకుండునట్లు చేయుటయేనని గ్విదో యెరిగినవాడు. తానే బిగ్గరగా పాడుచు బృందమును లాగుకొనిపోవు నాయకుడు ఈనాటికిని మన యూళ్ళలో కనబడుచున్నాడు. అతని గొంతు బొంగురుపోయిననాడు బృందము మూగబోవుచున్నది.

పిమ్మటి శతాబ్దులలో బహుస్వరగానము పెంపొందినకొలది, ఒక పెద్ద పుస్తకము చుట్టును గుమిగూడి నిలిచిన గాయకులలో నొకడు చేతిని క్రిందికి దించి పైకెత్తుచు కాలమును చూపుచుండెడివాడు. కొందరు కాగితపు చుట్టను చేతబట్టిరి. ఇంతవరకు క్రియ నిశ్శబ్దమే. గానము విస్తరించి, వాద్యములు చేరి, రంగస్థలము విశాలమైన పిమ్మట చప్పుడు ప్రవేశించినది. ఫ్రాన్సు రాజాస్థానమున సంగీతాధిపత్యము వహించిన లుల్లీ, 1687వ సంవత్సరమున, రాజుగారి యారోగ్యలాభమునకై జరిపిన స్తోత్రగానమును నడపుచు, నేలపై కొట్టుచున్న దండము కాలివ్రేలికి తగిలి, ఆ పుండు కుళ్ళి మరణించెనని చరిత్రకారులు వ్రాసిరి. తరువాత కొన్ని దశాబ్దులకు రూసో తన సంగీతనిఘంటువున పారిస్ ఆపెరాలో కాలమును కొట్టువాని చప్పుడు పాట సుఖమునే చెరచుచున్నదని ఆక్షేపించెను. వినవలసినవాడే చప్పుడు చేయుచుండిన, వినువా డెవడు?

జర్మనీలో లైప్‌జిగ్ నగరమందలి సెయింట్ థామస్ పాఠశాలకు 1723 నుండి గానాచార్యుడై యుండిన యొహాన్ సెబాస్టియన్ బాఖ్ ఈ ప్రశ్నను వేరొక వైపునుండి సమీపించెను. 1730 ఆగస్టు 23వ తేదీన ఆయన నగరపాలకులకు సమర్పించిన విన్నపము నాకు మిక్కిలి ప్రియమైనది. ఏలయన, అందులో మహాస్వరకర్త కనబడడు, చాలీచాలని బృందముతో ఆదివారమును గట్టెక్కింపవలసిన ఉపాధ్యాయుడే కనబడును. ఒక్కొక్క బృందమునందు స్థాయికి ముగ్గురేసి చొప్పున పండ్రెండుగురైనను ఉండవలెను, నలుగురేసి చొప్పున పదునారుగురైన మరింత మేలు, ఒకనికి జబ్బుచేసినను గానము నిలువకుండవలెనుగదా యని ఆయన వ్రాసికొనెను. పిమ్మట తన విద్యార్థులను పేరుపేరున లెక్కించి, పనికివచ్చువారు 17 గురు, ఇంకను పరిపక్వము కానివారు 20 మంది, బొత్తిగా కొరగానివారు 17 గురు అని తేల్చెను. ఇది విద్యార్థుల యవమానమునకై వ్రాసినది కాదు. ఏబదినలుగురి కంఠములలో ఒక్కొక్కటి యే యంతస్తున నున్నదో విడివిడిగా ఎరిగినవాడు మాత్రమే వ్రాయదగిన లెక్క యిది.

ఆ పాఠశాలకే కొన్నియేండ్లు ప్రధానోపాధ్యాయుడై యుండిన గెస్నర్ అను పండితుడు 1738లో ప్రాచీన రోమను వాగ్మి క్వింటిలియను గ్రంథమును పరిష్కరించుచు, అధోజ్ఞాపికలో బాఖును స్మరించెను. ముప్పది నలువదిమంది గాయకవాదకుల నడుమ తా నొక వాద్యమును మ్రోయించుచునే, ఒకనికి తలయూపి, వేరొకనికి కాలితో తట్టి, మరియొకనికి వ్రేలు చూపి హెచ్చరించుచు, ఒకనికి తారస్థాయిని, ఇంకొకనికి మంద్రమును, వేరొకనికి మధ్యమును తన కంఠముతో నందించుచు, ఎవడే చిన్న తప్పు చేసినను తత్‌క్షణము కనిపెట్టుచుండెనట! కాలితో తట్టుట యింకను నున్నది; సశబ్దక్రియ పూర్తిగా తొలగలేదు. కాని చేయి, కాలు, కన్నులకన్న ముందుగా చెవి పనిచేయుచున్నదని గెస్నర్ గ్రహించినాడు.

బాఖ్ కాలము నాటి బృందము పాఠశాల బాలురది. వారు ఉదయసాయంకాలములు చేతిక్రింద నుందురు. 1791లో బెర్లినులో ఫాష్ స్థాపించిన సింగ్ అకాడెమీలో స్త్రీపురుషులు కలిసి పాడిరి. వారందరును తమ తమ పనులు ముగించుకొని, పాటపై మక్కువతో వచ్చిన గృహస్థులు. నేడు మన చర్చిలలో, కళాశాలలలో, వాడలలో నున్న బృందములన్నియు నిట్టివే. అభిమానముతో వచ్చినవానిని దండముతో నడపరాదు. అందుచేత ఈ విద్యకు భారము వేదికనుండి సాధనశాలకు మారినది. ఫాష్ అనంతరము ఆ సంస్థను నడపిన జెల్టర్ శిష్యుడు మెండెల్‌సన్, ఇరువదేండ్ల ప్రాయమున, 1829 మార్చి 11వ తేదీన ఆ బృందముతోనే బాఖ్ రచించిన 'సెయింట్ మాథ్యూ పాషన్' అను మరుగుపడిన మహాకృతిని పునరుద్ధరించెను. క్రీస్తు పాత్రను పాడిన డెవ్రియెంట్ తన జ్ఞాపకములలో నాటి విశేషమొకటి వ్రాసెను. దీర్ఘమైన భాగములలో గానము నిలకడగా సాగుచున్నదని తెలిసినంతనే మెండెల్‌సన్ చేతిబెత్తమును దించి, చిరుతలయూపుతో గాయకులకే విడచి, వికసితవదనముతో వినుచుండెనట; అవసరమైనచోట మరల నెత్తెనట. నూట ఏబదికి మించిన కంఠములు ప్రవహించుచుండగా చేయి దించి నిలుచుటకు ఎంత సాధన వెనుకనుండవలెనో, ఒక్క పాటనైనను నడపి చూచినవారికి తెలియును.

ఇక, ఈ విద్యను సామాన్యులకు చేర్చినవాడు జాన్ కర్వెన్. ఆయన వృత్తిచే సంగీతజ్ఞుడు కాడు, ఒక మతబోధకుడు. ఆదివారపు బడులలో బిడ్డలకు పాట నేర్పు సులభమార్గమును వెదకుమని 1841లో తోటివారు కోరగా, నారిచ్ నగరములో సారా గ్లోవర్ అను ఉపాధ్యాయిని ఏర్పరచిన పద్ధతిని స్వీకరించి, 'టానిక్ సోల్‌ఫా'గా పెంపొందించెను. ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క హస్తముద్రను జతపరచెను. అందు 'దో' యనునది ఏ శ్రుతిలోనైన నుండవచ్చును. మనకిది క్రొత్తగాదు, మన షడ్జమము అనాదిగా అట్టిదే. సరళీస్వరములు పాడుకొన్న తెలుగు బాలిక ఈ మార్గమున సగము నడచియే యున్నది. ఆమెకు దుష్కరమైన దింకొకటి కలదు: ప్రక్కవారు వేరొక స్వరమును పాడుచుండగా తన స్వరమును విడువకుండుట. పురుషోత్తమ చౌదరి వంటి భక్తకవుల కీర్తనలను రాగతాళములతో ఏకకంఠముగా పాడు సంప్రదాయమున పెరిగిన మనకు, ప్రక్కవాని స్వరముతో కలిసిపోవుటయే మర్యాద, వేరుపడుట అపశ్రుతి. కలియకయే కలసియుండుట బహుస్వరగానము కోరునట్టి నేర్పు. గమకముతో ఒయ్యారముగ పలుకు కంఠము, సమస్వరముగ నిలువవలసిన మేళనమున తొట్రుపడును. గమకమును నిందింపక, ఏ చోట ఉంచవలెనో ఏ చోట మానవలెనో నాయకుడు ముందే నిర్ణయించి తెలుపవలెను.

పాశ్చాత్యుల పాఠ్యగ్రంథములు పదాంతమందలి హల్లును అందరొక్కమారే విడచుటను గూర్చి మిక్కిలి శ్రమపడును. మన భాష అజంతము. ఆ బాధ మనకు తక్కువ. మన బాధ వేరు. 'ఏసు' అను పదమున సగముమంది ఏకారమును, సగముమంది 'యే'యని యకారమును పలికిరేని, ఎత్తుగడయే చెదరును. పదాంతమందలి హ్రస్వ ఉకారమును ఒకరు మ్రింగుదురు, మరియొకరు సాగదీయుదురు. శ్రుతి దిగిపోవుట యను జాడ్యమునకును కారణము పలుమారులు చెవిలో గాక ఊపిరిలో నుండును: ఎక్కు మెట్లు కుంచించుకొనిపోయి, దిగు మెట్లు వెడల్పగును, ఒకే స్వరమును పదేపదే పలుకునప్పుడు అలసట చేరి జారును. "శ్రుతి పెంచండి" అని కేకవేసిన నాయకుని యెదుట బృందము గొంతు బిగించునేగాని శ్రుతి పెరుగదు.

వీటన్నిటికి మూలమైనది పూర్వసూచన. పాట యెత్తుకొనుటకు ముందటి యొక్క మాత్రలో నాయకుని చేయి లేచును. ఆ లేచుటలోనే కాలప్రమాణము, బలము, భావము, ఊపిరి అన్నియు నుండవలెను. చేయి మెల్లగ లేచి వడిగ దిగెనా, ముప్పది కంఠములు ముప్పది తీరులుగా ప్రవేశించును. ఇంకొకటి: గాయకులు తమకు తెలియకుండనే నాయకుని దేహము ననుకరింతురు. అతడు మెడ బిగించిన వారి గొంతు బిగియును. అతడు భుజములెత్తి ఊపిరిపీల్చిన వారును పైపై ఊపిరియే పీల్తురు. అందుచేతనే కదా స్వరపత్రమును చేతబట్టకముందే, ప్రతి స్థాయిని తాను విడివిడిగా పాడుకొని, ఊపిరి ఎచ్చట తీయవలెనో గుర్తులు పెట్టుకొని రావలెనని పెద్దలు చెప్పుట.

ఇటీవలి కాలమున అమెరికా దేశీయుడు రాబర్ట్ షా (1916–1999) కళాశాలలో సంగీతమును ప్రధానముగా చదివినవాడు కాకపోయినను, 1941లో న్యూయార్కున కాలేజియేట్ కొరాల్ అను బృందమును నెలకొల్పి, స్వయంకృషితో ఈ విద్యను శాస్త్రముగా మలచెను. సాధనలో మాటలను తొలగించి, ఆ స్వరములపైననే మాత్రల లెక్కను మెల్లని గొంతుతో పాడించుట ఆయన పద్ధతి. మృదంగవిద్వాంసుడు చేయి వేయకముందు జతిని నోట పలికించునట్టిదే ఇది. కంఠము అలయదు, లయ యెముకలలో నింకును. మన ప్రాంతమున, 1925లో చిత్తూరున జన్మించిన ఎం.బి. శ్రీనివాసన్, సినిమా సంగీతమున పేరుగాంచియు, మదరాసు యూత్ క్వయరును స్థాపించి, 1988లో కీర్తిశేషుడగువరకు భారతీయభాషల గీతములను యువకంఠములచే సామూహికముగా పాడించెను. ఆయన కృషిని ముందుకు గొనిపోవలసిన బృందములు తెలుగుదేశమున చాలినన్ని ఏర్పడకపోవుట నాకు మనస్తాపము కలిగించుచునే యున్నది.

మా గురువర్యుల కడపటి క్రిస్మసు జ్ఞాపకముతో విరమింతును. అప్పటికి బృందము నా చేతికి వచ్చి ఆరేండ్లు గడచినది. వారు వెనుకటి బల్లపై శాలువ కప్పుకొని కూర్చుండి, సాధన ముగిసినపిదప నన్ను దగ్గరకు పిలిచి, "అంతా బాగుంది నాయనా. రెండో చరణం మూడో పాదంలో, మాట మధ్యలో ఎవరో ఊపిరి తీస్తున్నారు. చూసుకో" అనిరి. మరునాటి సాయంకాలమునుండి సోప్రానోలను విడిగా పాడించితిని, ఆల్టోలను విడిగా పాడించితిని, టెనర్లను, బాసులను ఒక్కొక్కరినే నిలువబెట్టి వింటిని. ఎవరికి వారు ఆ పాదమును ఏకశ్వాసమున పాడిరి. అందరును కలిసినంతనే, ఆ చోట, ఆ మాట తెగెను. మూడు వారములకు, పండుగ నాలుగు దినములుండగా, ఒకనాడు చేతులు కట్టుకొని, చూపు దించుకొని, వారినే పాడుకొమ్మని వినుచు నిలువబడితిని. మాట తెగలేదు. ఆ చోట ఊపిరి తీయుచున్నవాడను నేనే.